ఆపద్ధర్మ కార్డు

*కొత్త గ్రాఫిక్స్ కార్డు కోసం డబ్బు కూడబెడుతుంటే ధర కొండెక్కి కూర్చుంది. ఈలోగా ఉన్న పాతది కన్ను మూసింది. కొత్తది వచ్చేదాకా కంప్యూటరు నడవాలిగా! ఈ మధ్యకాలానికి ఏ కార్డు పెట్టుకోవాలి, ఎంత పెట్టాలి, ఎక్కడ మోసపోకూడదు? ఇంజినీరింగు హాస్టళ్ల నుంచి పెళ్లి ఆల్బమ్‌ల దుకాణాల దాకా ఇప్పుడు ఇదే లెక్క.*

సికింద్రాబాద్ పార్క్‌లేన్, చెనాయ్ ట్రేడ్ సెంటర్. 2025 డిసెంబరు మొదటి శనివారం, సాయంత్రం ఆరు దాటింది. మెట్ల మీద దిగేవాళ్లు పక్కకి తిరిగితేనే ఎక్కేవాళ్లకు దారి. మేం నిలబడ్డ దుకాణం ఎంతంటే, నవారు మంచం వేస్తే తలుపు పడదు. అందులోనే ముగ్గురు మనుషులు, కప్పుదాకా అట్టపెట్టెలు, ఒక వినాయకుడి పటం.

కౌంటరు వెనక కుర్రాడు బుడగల కవరులోంచి ఒక గ్రాఫిక్స్ కార్డు తీశాడు. దాని అంచున వరసగా బంగారు రంగు పళ్లు. చొక్కా జేబులోంచి బడిపిల్లలు వాడే తెల్ల రబ్బరు తీసి, లెక్కల నోట్సులో తప్పు చెరిపినంత శ్రద్ధగా ఆ పళ్లను రుద్దాడు. పొట్టును ఉఫ్‌మని ఊదాడు. కేబినెట్ లేకుండా అట్టముక్క మీద పరిచి ఉన్న మదర్‌బోర్డులో దాన్ని నొక్కి కూర్చోబెట్టాడు. స్క్రూడ్రైవరు మొనతో రెండు పిన్నుల్ని కలిపి తాకించాడు. ఫ్యాన్లు గిర్రుమన్నాయి. రెండు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. తెర వెలిగింది.

"డిస్‌ప్లే వచ్చింది సార్. ఆర్నెల్లు ఫికర్ లేదు," అన్నాడు.

"ఆటలు నడుస్తాయా?" అని అడిగాను నేను, తెలిసీ తెలియక.

"గిది స్టెప్నీ సార్. స్టెప్నీ మీద తిరుపతి పోతమా? పంచర్ షాపు దాంక పోతం."

నా పక్కన నిలబడ్డ మా అక్క కొడుకు చెవి దగ్గరికి వచ్చి గొణిగాడు: "మామయ్యా, ఇది వద్దు. దీనికి డ్రైవర్లు ఎప్పుడో ఆపేశారు."

వాడు ఇంజినీరింగు మూడో ఏడు. అంతకు వారం ముందు, రాత్రి పదకొండింటికి వాడి తెర మీద ఆకుపచ్చ చుక్కలు లేచాయట. కాసేపటికి చుక్కలు గళ్లయ్యాయి, గళ్లు ముగ్గు మీద నీళ్లు పోసినట్టు చెదిరాయి, తర్వాత అంతా నలుపు. 2023లో ఆరు వేలకు కొన్న సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 అది. వాడి చేతికి రాకముందే ఏ గోడౌన్‌లోనో రాత్రింబగళ్లు క్రిప్టో నాణేలు తవ్వి వచ్చిన కార్డు. ఉన్నన్నాళ్లు బాగానే పనిచేసింది, పాపం.

వాడి దగ్గర నలభై వేలు పోగయ్యాయి. వాడికి కావాల్సింది ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 16 జీబీది. ఆ సాయంత్రం అదే అంతస్తులో మాకు చెప్పిన ధర యాభై వేలకు అటూ ఇటూ. అమెరికాలో దాని ప్రకటిత ధర 429 డాలర్లు. మా పెద్దన్నయ్య కూతురు డాలస్‌లో ఉంటుంది, మే నెలలో పెళ్లికి వస్తుంది, వస్తూ తెస్తానంది. అంటే డిసెంబరు నుంచి మే దాకా నడిపే కార్డు ఒకటి కావాలి. రాష్ట్రంలో ప్రభుత్వం పడిపోయాక కొత్తది ఏర్పడేదాకా ఆపద్ధర్మ ముఖ్యమంత్రి ఉంటాడు చూడండి, అలాంటిది.

వంటవాళ్లు ముగ్గురే

ధర ఎందుకు ఎక్కింది? కుర్రాడిని అడిగితే "ఏఐ సార్" అని ఒక్క మాటలో తేల్చేశాడు. పెద్దగా తప్పు చెప్పలేదు.

గ్రాఫిక్స్ కార్డంటే ఎన్‌విడియా చిప్పో ఏఎమ్‌డీ చిప్పో ఒక్కటే కాదు. చుట్టూ మెమరీ చిప్పులుంటాయి. ప్రపంచంలో ఈ మెమరీని పెద్ద ఎత్తున చేసేవి మూడే కంపెనీలు: కొరియాలో శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాలో మైక్రాన్. ఊళ్లో వంటవాళ్లు ముగ్గురే ఉన్నారనుకోండి. జమీందారు ఇంట్లో పదివేల మంది పెళ్లి తగిలింది. ముగ్గురూ అక్కడికే పోతారు. వీధి చివర మెస్సులో ఆ నెల ఇడ్లీ ధర పెరుగుతుంది. ఏఐ డేటా సెంటర్లు ఆ జమీందారు పెళ్లి. వాటికి కావాల్సిన హెచ్‌బీఎమ్ అనే ఖరీదైన మెమరీ చేస్తే లాభం ఎక్కువ. మన ర్యామ్‌కీ, మన కార్డులకీ పొయ్యి ఖాళీ లేదు.

2025 డిసెంబరు 3న మైక్రాన్ ఒక ప్రకటన చేసింది. మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే తన క్రూషియల్ బ్రాండును ఎత్తేస్తున్నట్టు. దాదాపు మూడు దశాబ్దాల పేరు అది. పార్క్‌లేన్‌లో క్రూషియల్ ర్యామ్ అమ్మని దుకాణం ఉండదు. ఆ వారమే డాలరు తొంభై రూపాయలు దాటింది. దిగుమతయ్యే వస్తువుకి ఇంతకంటే చెడ్డ వారం వెతికినా దొరకదు.

ఎన్‌విడియా లెక్కల పుస్తకం చూస్తే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. 2025 జనవరితో ముగిసిన ఏడాదిలో డేటా సెంటర్ల వ్యాపారం ఆ కంపెనీకి తెచ్చింది 115 బిలియన్ డాలర్లు. ఆటలాడేవాళ్లు తెచ్చింది 11 బిలియన్ల పైచిలుకు. ఒకప్పుడు మన మెస్సు ఇడ్లీలతో పెరిగిన వంటవాడే, కాదనను. కానీ పదింతలు ఇచ్చే ఇల్లు దొరికాక ఎవరి గిన్నె ముందు నిండుతుందో చెప్పాలా?

ఇందులో మనవాళ్లు చెప్పుకోవాల్సిన విడ్డూరం ఒకటుంది. ఎన్‌విడియా, ఏఎమ్‌డీ, ఇంటెల్, మైక్రాన్ నలుగురికీ హైదరాబాదులో ఇంజినీరింగు కేంద్రాలున్నాయి. చిప్పు మీద పనిచేసే బుర్ర మాదాపూర్ వైపు, ఆ చిప్పున్న కార్డు కొనలేని బుర్ర పార్క్‌లేన్ మెట్ల మీద. మధ్య దూరం మెట్రోలో గంట కూడా లేదు.

> కరువు కొత్త కాదు
>
> 2020 సెప్టెంబరులో ఆర్‌టీఎక్స్ 3080 వచ్చింది, 699 డాలర్లకు. వచ్చిన నిమిషాల్లో అయిపోయింది. లాక్‌డౌన్‌లో అందరూ ఇంట్లోనే, చిప్పుల ఫ్యాక్టరీలకు ఊపిరాడదు, పైగా ఇథీరియం నాణేల తవ్వకం. 2021లో ఎన్‌విడియానే అటక మీది సరుకు దించింది: 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ, 2019 నాటి ఆర్‌టీఎక్స్ 2060 మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. కంపెనీయే ఆపద్ధర్మ కార్డులు సరఫరా చేసిన ఏడాది అది. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం తన పద్ధతి మార్చుకుంది. ఇక గ్రాఫిక్స్ కార్డులతో తవ్వే అవసరమే పోయింది. ఆ కార్డులన్నీ సెకండ్ హ్యాండ్ బజారు మీద పడ్డాయి. మా వాడి ఆర్‌ఎక్స్ 580 ఆ వరదలో కొట్టుకొచ్చినదే.

ముందు కొనకుండా గడుస్తుందేమో చూడండి

దుకాణానికి వెళ్లే ముందు చేయాల్సిన పని ఒకటుంది, మేం చెయ్యలేదు. మీ ప్రాసెసర్ పేరు చివర ఏ అక్షరం ఉందో చూడండి.

చాలా ప్రాసెసర్లలో చిన్న గ్రాఫిక్స్ భాగం లోపలే ఉంటుంది. కార్డు తీసేసి, మానిటరు తీగను మదర్‌బోర్డుకు నేరుగా తగిలిస్తే తెర వెలుగుతుంది. సినిమాలు, ఆఫీసు పని, చిన్నా చితకా ఆటలు గడిచిపోతాయి. కార్డు పోతే కంప్యూటరే పోయిందని మూటగట్టి మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లినవాళ్లను చూశాను. తీగ ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చితే సరిపోయేది.

ఇంటెల్‌లో పేరు చివర 'ఎఫ్' ఉందంటే ఆ భాగం లేదని. మా వాడిది ఐ5-12400ఎఫ్. కొన్నప్పుడు వెయ్యో, పదిహేను వందలో మిగిలిందని సంబరపడ్డాడు. ఆ వెయ్యి ఈ డిసెంబరులో తిరిగి వసూలైంది. ఏఎమ్‌డీలో వేరే లెక్క. రైజెన్ 5 5600కి లోపల గ్రాఫిక్స్ లేవు, 5600జీకి ఉన్నాయి. 7000 వరుసలో దాదాపు అన్నిటికీ తెర వెలిగించేంత మాత్రం ఉంటుంది. కొత్తగా కంప్యూటరు కట్టించుకునేవాళ్లకు నా సలహా: ఆ వెయ్యి పెట్టేయండి. ఇంట్లో కొవ్వొత్తి ఉన్నట్టు.

పాఠాల కోసం, ఏఐ నేర్చుకోవడం కోసం కార్డు కావాలనే పిల్లలకు ఇంకో దారి ఉంది. గూగుల్ కొలాబ్‌లో బ్రౌజరు నుంచే, డబ్బు కట్టకుండానే, కొన్ని గంటల పాటు టీ4 అనే 16 జీబీ కార్డు వాడుకోనిస్తారు. కాలేజీ ప్రాజెక్టుకి అది చాలు. మా వాడు వారమంతా అలాగే నెట్టుకొచ్చాడు, కానీ హాస్టల్లో స్నేహితులతో వాలరెంట్ ఆడాలి కదా! ఆ సంగతి వాళ్లమ్మకు చెప్పలేదు.

కొన్న ధర కాదు, కరిగిన ధర

మా చిన్నప్పుడు తెనాలిలో సైకిల్ షాపులో గంటకు అర్ధరూపాయి ఇస్తే అద్దె సైకిలు ఇచ్చేవాడు. ఆ సైకిలు ఖరీదెంతో మాకు అక్కర్లేదు. గంటకు ఎంత, గాలి ఉందా, బ్రేకు పడుతుందా, అంతే. ఆపద్ధర్మ కార్డునూ ఆ కంటితోనే చూడాలి. ఎంతకు కొన్నామన్నది సగం లెక్క. తిరిగి అమ్మేటప్పుడు ఎంత చేతికొస్తుంది, మధ్యలో ఎంత కరిగింది అన్నది అసలు లెక్క. ఆ కరిగినదే మీరు కట్టిన అద్దె.

ఆ సాయంత్రం మా ముందుకొచ్చిన ధరలు ఇవి. జీటీ 710 కొత్తది, సీలు విప్పనిది, 3,800. సెకండ్ హ్యాండ్‌లో జీటీఎక్స్ 1050 టీఐ 4,500, జీటీఎక్స్ 1650 ఆరున్నర వేలు, జీటీఎక్స్ 1660 సూపర్ ఎనిమిదిన్నర, ఆర్‌ఎక్స్ 6600 పదమూడు వేలు. బిల్లూ వారంటీతో కొత్తదే కావాలంటే ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీది, పద్దెనిమిది వేలు.

చూడగానే చెయ్యి 3,800 మీదికి పోతుంది. నాదీ పోయింది. కానీ జీటీ 710 పదేళ్లు దాటిన కార్డు. ఆటల డ్రైవర్లు 2021 అక్టోబరుతో, భద్రతా మరమ్మతులు 2024 సెప్టెంబరుతో ఆగిపోయాయి. అయినా పెట్టెలో కొత్తగా మెరుస్తూ అమ్ముడవుతూనే ఉంది. సీలు విప్పిన మరునాడు దాన్ని పదిహేను వందలకు అడుగుతారు. రెండు వేలకు పైగా ఒక్క రాత్రిలో పోయినట్టు. అదే ఎనిమిదిన్నర వేల 1660 సూపర్, దిగాల్సిన ధర ఇదివరకే దిగి ఉన్న సరుకు, ఆరు నెలల తర్వాత ఏడు వేలకు పోయినా కరిగింది పదిహేను వందలు. నెలకు రెండు వందల యాభై అద్దె. ఎక్కువ పెట్టి కొన్నదే చవక.

కొత్త కార్డు మీద కట్టే 18 శాతం జీఎస్టీ కూడా అమ్మేటప్పుడు తిరిగిరాదు. సెకండ్ హ్యాండ్ బజారుకున్న బలం అదే.

మరి 1050 టీఐ? మంచి కార్డు, కరెంటు తక్కువ తాగుతుంది. అయితే 2025 అక్టోబరుతో ఎన్‌విడియా దాని తరానికి ఆటల డ్రైవర్లు ఆపేసింది. భద్రతా మరమ్మతులు మాత్రం 2028 అక్టోబరు దాకా వస్తాయి. ఏఐ పని చేసేవాళ్లు వాడే క్యూడా పరికరాల కొత్త వెర్షన్, 2025 ఆగస్టులో వచ్చిన 13, ఆ తరాన్ని పూర్తిగా వదిలేసింది. తెర వెలిగితే చాలనుకునేవాళ్లకు ఇది అడ్డు కాదు. మా వాడికి అడ్డే. అందుకే 1650, 1660 ఉన్న ట్యూరింగ్ తరం దగ్గర ఆగాడు.

ఆర్‌ఎక్స్ 6600 చూసి నేనే ఊగాను. అన్నిటికంటే గట్టిది. "అది కొంటే ఇంకో కార్డు కొనబుద్ధి కాదు మామయ్యా," అన్నాడు. అలా అయితే నష్టమేముందిరా, నలభై వేలూ మిగులుతాయి కదా అన్నాను. వాడికి కోపం వచ్చింది. ఆరు నెలలుగా ఆ 5060 టీఐ వీడియోలు చూస్తూ నిద్రపోతున్నవాడితో అనకూడని మాట అది.

నా మటుకు నాకు ఒక హద్దు తోచింది. అసలు కార్డుకి దాచిన డబ్బులో నాలుగో వంతు దాటి ఆపద్ధర్మానికి పెట్టొద్దు. దాటిందంటే అది ఆపద్ధర్మం కాదు, రెండో పెళ్లాం.

> పేరొకటే, సరుకు వేరు
>
> జీటీ 1030 పేరుతో రెండు కార్డులున్నాయి. 2017లో వచ్చినదానిలో జీడీడీఆర్5 మెమరీ, క్షణానికి 48 జీబీ సమాచారం పారుతుంది. 2018లో మామూలు డీడీఆర్4 వేసి అదే పేరు తగిలించారు. పారేది 17 జీబీ లోపు. ఆటల్లో చాలాచోట్ల వేగం సగానికి పడిపోతుంది.
>
> ఆర్‌ఎక్స్ 580 పక్కన '2048 ఎస్‌పీ' అని చిన్న అక్షరాల్లో ఉంటే అది పేరు మార్చుకున్న ఆర్‌ఎక్స్ 570.
>
> ఆర్‌టీఎక్స్ 3050లో ఎనిమిది జీబీది వేరు, ఆరు జీబీది వేరు. తేడా మెమరీలోనే కాదు, లోపలి చిప్పు బలమూ తక్కువే. కాకపోతే ఆరు జీబీది 70 వాట్లే తాగుతుంది, విడిగా కరెంటు తీగ అక్కర్లేదు.
>
> ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ పాత మదర్‌బోర్డులో పెడితే నీరసిస్తుంది, నాలుగు దారుల ఇరుకు సందులోంచే మాట్లాడుతుంది కాబట్టి. వీడియో రికార్డింగుకు కావాల్సిన ఎన్‌కోడరు అందులో లేదు.

డబ్బాలోని ఇంజిను ఎంత లాగగలదు

మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకి వచ్చే కరెంటు 75 వాట్లు. అంతకు మించి కావాలంటే కంప్యూటరుకు కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా తీగ రావాలి. ఆరు పిన్నుల తీగ ఇంకో 75, ఎనిమిది పిన్నులది 150. 1050 టీఐ, మామూలు 1650 స్లాటు కరెంటుతోనే బతికేస్తాయి. 1660 సూపర్‌కి 125 వాట్లు, ఎనిమిది పిన్నుల తీగ కావాలి. ఆర్‌ఎక్స్ 580 అయితే 185.

కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌ల మీద 450 వాట్లని రాసి ఉంటుంది. ఎనిమిది పిన్నుల తీగ మాత్రం ఉండదు. అప్పుడు దుకాణంలో రెండు మోలెక్స్ తీగలు కలిపే అడాప్టరు ఇస్తామంటారు. వద్దనండి. నాలుగు నెలల కార్డు కోసం మదర్‌బోర్డు కాల్చుకున్నవాళ్లున్నారు.

కరెంటు బిల్లు కూడా అద్దెలో భాగమే. 185 వాట్ల కార్డుకీ 75 వాట్ల కార్డుకీ తేడా 110. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు పదమూడు యూనిట్లు. యూనిట్ ఏడెనిమిది రూపాయల శ్లాబులో వంద రూపాయలు. ఆరు నెలలకు ఆరు వందలు. కార్డు మీద ఐదు వందలు తగ్గించమని అరగంట బేరమాడేవాళ్లం ఇది లెక్కేసుకోం.

మరో చిక్కూ ఉంది. వాలరెంట్ లాంటి ఆటలు విండోస్ 11లో సెక్యూర్ బూట్ ఉంటేనే తెరుచుకుంటాయి. అది పెట్టాలంటే బయోస్‌లో పాత పద్ధతి, సీఎస్‌ఎమ్, ఆపెయ్యాలి. ఆపితే కొన్ని బాగా పాత కార్డులకు తెరే రాదు. ఆడాలంటే తెర లేదు, తెర కావాలంటే ఆట లేదు. 2018 తర్వాతి కార్డు తీసుకుంటే ఈ తంటా ఉండదు. మానిటరు వెనక్కి కూడా ఓసారి తొంగి చూడండి: నీలం వీజీఏ రంధ్రం ఒక్కటే ఉంటే, జీటీఎక్స్ 10 వరుస నుంచి పైవాటికి కన్వర్టరు కొనక తప్పదు.

ఊరు తిరిగే కార్డు

అందరికీ ఆటలక్కర్లేదు. వరంగల్లో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే ఒకావిడ నాకు తెలుసు. మాఘమాసం ముహూర్తాలు ముంచుకొస్తున్న వారం ఆవిడ కార్డు పోయింది. చేతిలో పదకొండు ఆల్బమ్‌లు. రెండు మానిటర్లు వెలగాలి, ఫొటోషాపు కదలాలి, అంతకు మించి ఏమీ వద్దు. ఆ కార్డు కంపెనీ వారంటీ మీద సర్వీసుకు వెళ్లింది, ఎప్పుడొస్తుందో తెలియదు. ఆవిడ ఏ కార్డూ కొనలేదు. పక్క వీధి ఇంటర్నెట్ సెంటరు మూసేసినాయన దగ్గర ఓ పాత జీటీ 1030 ఉంటే నెలకు మూడు వందలకు మాట్లాడుకుంది. అద్దె అన్న మాట నేను ఉపమానానికి వాడితే ఆవిడ నిజంగానే కట్టింది. "పెండ్లికొడుకు మొఖం మీద మచ్చ తీసుడుకు ఆర్‌టీఎక్స్ ఎందుకన్నా?" అని నవ్వింది.

మా ఆఫీసులో ఒకాయన డ్రాయరులో ఇంకో కార్డు ఉంటుంది. ఫ్యాను కూడా లేని చిన్న కార్డు. ఎవరి కంప్యూటరు మొండికేసినా ఆయన దగ్గరికే వస్తారు. కార్డు పోయిందా, మదర్‌బోర్డు పోయిందా తేల్చడానికి అది గీటురాయి. అది పెడితే తెర వెలిగిందా, దోషం మీ కార్డుదే. కొత్తది వచ్చేదాకా అదే వాడుకోమంటాడు. దాని ఇనప పట్టీ మీద తెల్లటేపు అంటించి, స్టీలు గిన్నె మీద చెక్కించినట్టు ఇంటిపేరు రాసుకున్నాడు. "పేరంటానికి పోయిన గిన్నె, దారి తప్పకూడదుగా," అంటాడు. ఇప్పటికి ఏడు ఇళ్లు తిరిగిందట. ప్రతి అపార్టుమెంటులో, ప్రతి హాస్టల్లో ఇలాంటి కార్డు ఒక్కటి ఉంటే సగం మంది పార్క్‌లేన్ దాకా రావక్కర్లేదు.

అమెరికాలో ఈవీజీఏ అనే కంపెనీ ఒకప్పుడు దీన్నే పద్ధతిగా నడిపింది. ఇప్పుడు చిన్న కార్డు కొనుక్కో, తొంభై రోజుల్లో తేడా డబ్బు కట్టి పెద్దది తీసుకో అనేది. 2022లో ఆ కంపెనీ గ్రాఫిక్స్ కార్డుల వ్యాపారమే మానేసింది. అలాంటి ఏర్పాటు మన దుకాణాలవాళ్లు ఎవరైనా మొదలుపెడితే క్యూ కడతారు.

నా చెయ్యి కాలిన కథ

2019లో నేనూ ఇలాగే ఒక ఆపద్ధర్మ కార్డు కొన్నాను, ఆన్‌లైన్‌లో. 1050 టీఐ, నాలుగు జీబీ, సగం ధర. కొరియర్ వచ్చింది, పెట్టాను, తెర వెలిగింది. విండోస్ కూడా 1050 టీఐ అనే చూపించింది. రెండు ఆటలకే కూలబడింది. అప్పుడు ఎవరో చెబితే జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసి చూశాను. పేరు ముందు 'ఫేక్' అని పట్టుకుంది. లోపలున్నది 2011 నాటి జీటీఎక్స్ 550 టీఐ. బయోస్ మార్చి కొత్త పేరు పెట్టారు. అమ్మినవాడి ఫోను అప్పటికే పలకడం మానేసింది. ఆ కార్డు ఇప్పుడు మా ఇంట్లో కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటున్నాం. అందులో మాత్రం ఒరిజినలే.

> కౌంటరు దగ్గర పావుగంట
>
> తెర వెలగగానే డబ్బులు తియ్యకండి. పెన్‌డ్రైవులో జీపీయూ-జెడ్, ఫర్‌మార్క్ తీసుకెళ్లండి. మొదటిది అసలా నకిలీయా చెబుతుంది. రెండోది కార్డును ఉరికించి చూపిస్తుంది. పది నిమిషాలు ఉరికిస్తే చాలు. చుక్కలు, గీతలు రాకూడదు, వేడి 85 డిగ్రీలు దాటి ఎక్కుతూ పోకూడదు.
>
> ఫ్యాన్లు చేత్తో తిప్పి చూడండి, ఊగకూడదు. అన్ని రంధ్రాలకూ తీగ పెట్టి చూడండి.
>
> స్క్రూల మీద గాట్లుంటే ఎవరో విప్పారని. థర్మల్ పేస్టు మార్చడానికైతే మంచిదే. ఎందుకు విప్పారో అడగండి.
>
> మైనింగ్ చేసిన కార్డా అని అడిగితే ఎవరూ అవుననరు. చిప్పు కంటే ముందు ఫ్యాన్లు, మెమరీ అరుగుతాయి కాబట్టి వాటినే చూడండి.
>
> డబ్బా, పాత బిల్లు ఉంటే మరో ఐదు వందలు ఎక్కువైనా తీసుకోండి. రేపు మీరూ అమ్మాలి.

డాలస్ సూట్‌కేసు

అమెరికా నుంచి ఎవరొస్తున్నా ఒకప్పుడు షాంపూలు, చాక్లెట్లు. తర్వాత ఐఫోన్లు. ఇప్పుడు హాస్టల్ పిల్లల నోట గ్రాఫిక్స్ కార్డు. మా వాడు వాళ్ల వదినకు పెట్టిన మెసేజీల్లో క్షేమ సమాచారం ఒక లైను, కార్డు మోడల్ నంబరు ఆరు లైన్లు.

లాభం ఉందా? 429 డాలర్లు, టెక్సస్ అమ్మకం పన్నుతో 464. తొంభై లెక్కన దాదాపు 42 వేలు. ఇక్కడి యాభై వేలతో పోలిస్తే ఎనిమిది వేల ఆదా. వాడి దగ్గరున్న నలభైకి ఇంకో రెండు వేలు చేరిస్తే సరి. అదీ అక్కడ ప్రకటిత ధరకే దొరికితే. మెమరీ కరువు డాలస్‌లోనూ ఉంది. పైగా వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుందనే కంపెనీలు చాలా. ఏడాది తిరక్కుండా కార్డు పోతే మళ్లీ ఎవరో డాలస్ వెళ్లేదాకా ఆగాలి. అంటే ఇంకో ఆపద్ధర్మ కార్డు. ఈ మాట చెబితే మా వాడు వినిపించుకోలేదు. పెళ్లి ఆగినా కార్డు ఆగేలా లేదు.

నా అనుమానం వేరే. ఆర్నెల్లకని పెట్టుకున్నవి మన దగ్గర ఆరేళ్లు ఉంటాయి. మా వీధిలో 'తాత్కాలిక' వాటర్ ట్యాంకుకి రెండుసార్లు రంగులేశారు. వాలరెంట్ సాఫీగా నడుస్తుంటే, పరీక్షలు దగ్గర పడితే, ఆ నలభై వేలు బైకుకి పోవచ్చు. పోతే పోనీ. అయితే వెలుగునీడలను నిజంలా చూపే రే ట్రేసింగ్ తప్పనిసరైన ఆటలు వచ్చేశాయి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, 2025 మేలో వచ్చిన కొత్త డూమ్, రెండూ అది లేని కార్డుల్లో నడవవని ముందే చెప్పాయి. 1660 సూపర్‌లో అది లేదు. గడువు మనం పెట్టకపోయినా ఆటలవాళ్లు పెడుతున్నారు.

ఆ శనివారం రాత్రి ఎనిమిదింటికి 1660 సూపర్ తీసుకున్నాం. ఎనిమిదిన్నర అన్నాడు, ఎనిమిది వేల రెండు వందలకు ఇచ్చాడు. వారం రోజుల టెస్టింగ్ వారంటీ. పాత ఏఎమ్‌డీ డ్రైవర్లు పూర్తిగా తీసేశాకే కొత్తది పెట్టమని కుర్రాడు రెండుసార్లు చెప్పాడు. "డీడీయూ వేస్తా అన్నా," అన్నాడు మా వాడు. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకోలుగా చూసుకున్నారు. నాకేం అర్థం కాలేదు.

వారం గడిచింది, కార్డు నడుస్తోంది. బరువుకి కిందికి వంగకుండా కింద ఒక పెన్సిల్ ముక్క నిలబెట్టాడు. డబ్బా మంచం కింద ఉంది, బిల్లు డబ్బాలోనే ఉంది. మే నెలాఖరుకి అమ్మకానికి వస్తుంది, ఏడు వేలు చెబుతాడట. కావాల్సినవాళ్లు మీ ఎస్‌ఎంపీఎస్‌కి ఎనిమిది పిన్నుల తీగ ఉందో లేదో ఇప్పుడే చూసి పెట్టుకోండి.